అలర్జీ మాత్ర వేసుకుంటే వ్యాయామం వృథా అవుతుందా? కండరంలో హిస్టమిన్ చేసే పని

వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో హైదరాబాద్ పార్కుల్లో పొద్దున్నే నడిచేవాళ్లు పెరుగుతారు. అలర్జీలు కూడా అప్పుడే పెరుగుతాయి. ఖాళీ స్థలాల్లో పూసిన వయ్యారిభామ, రోడ్ల పక్క దుమ్ము, తెల్లవారుజామున నేల మట్టానికి పట్టి ఉండే పొగ కలిసి ముక్కును సతాయిస్తాయి. కేబీఆర్ పార్కుకో, నెక్లెస్ రోడ్డుకో, ఉస్మానియా క్యాంపస్‌కో బయల్దేరే ముందు ఒక సెట్రిజిన్ వేసుకోవడం చాలామందికి అలవాటు. అలాంటివారిని ఇప్పుడు ఒక మాట టెన్షన్ పెడుతోంది. అలర్జీ మాత్రలు హిస్టమిన్‌ను అడ్డుకుంటాయి, వ్యాయామం ఒంటికి పట్టాలంటే హిస్టమిన్ కావాలి, కాబట్టి మాత్ర వేసుకుంటే పడ్డ శ్రమంతా వృథా అన్నది ఆ మాట. ఇందులో మొదటి రెండు ముక్కలూ నిజమే. మూడోది మాత్రం అంత సూటిగా తేలేది కాదు.

క్లుప్తంగా

పని చేసిన కండరం తనలోనే హిస్టమిన్‌ను విడుదల చేసుకుంటుంది. దానివల్ల వ్యాయామం ఆపాక కూడా గంటల తరబడి ఆ కండరానికి రక్తం ఎక్కువగా అందుతుంది. వారాల తరబడి సాధన చేస్తే వచ్చే మార్పుల్లోనూ దీని పాత్ర ఉంది. హిస్టమిన్‌ను అందుకునే రెండు రకాల రిసెప్టర్లనూ పెద్ద డోసు మందులతో మూసేసినప్పుడు వ్యాయామ ఫలితం తగ్గినట్టు ప్రయోగాలు చూపాయి. మామూలు అలర్జీ మాత్ర మూసేది అందులో ఒక రకాన్నే, అదీ చిన్న డోసుతో. జబ్బు ఉన్నవారు మందు మానాల్సిన పని లేదు. అలవాటు కొద్దీ వేసుకునేవారు మాత్రం ఒకసారి ఆలోచించుకోవాలి.

హిస్టమిన్‌కు చెడ్డపేరు ఎలా వచ్చింది

హిస్టమిన్‌ను ముఖ్యంగా మన శరీరమే తయారు చేసుకుంటుంది. పప్పు, గుడ్డు, పాలు, మాంసంలోని ప్రొటీన్‌తో పాటు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం అందరికీ అందుతుంది. శరీరంలోని ఒక ఎంజైమ్ దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఈ ఎంజైమ్ పేరు హిస్టిడిన్ డీకార్బాక్సిలేజ్. దీని ప్రస్తావన ముందు ముందు మళ్లీ వస్తుంది.

1910లో ఇంగ్లండ్‌లో హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్లా ఈ పదార్థాన్ని జంతువులకు ఎక్కించి చూశారు. రక్తనాళాలు వదులయ్యాయి, బీపీ పడిపోయింది, శ్వాసనాళాలు బిగుసుకున్నాయి. తీవ్రమైన అలర్జీలో కనిపించే లక్షణాలూ ఇవే. అక్కడి నుంచి హిస్టమిన్‌ను అలర్జీకి మూలంగా చూడటం మొదలైంది. దాన్ని అడ్డుకునే మందులకు దారి చూపిన డానియెల్ బోవెకు 1957లో నోబెల్ వచ్చింది. కడుపులో ఆమ్లం ఊరమని చెప్పేది కూడా హిస్టమినేనని గుర్తించి, దానికి వేరే రకం మందు తయారు చేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ ఇచ్చారు. ఆ విధంగా శతాబ్దం పాటు వైద్యం హిస్టమిన్‌ను ఎలా ఆపాలనే కోణంలోనే ఎక్కువగా చూసింది. ముక్కు కారితే ఒక మాత్ర, గ్యాస్ వస్తే మరో మాత్ర. మామూలు ఇళ్లకు హిస్టమిన్‌తో ఉన్న పరిచయం ఇంతే.

బోవె మందు ఒకచోట పని చేస్తే బ్లాక్ మందు మరోచోట పని చేయడానికి కారణం రిసెప్టర్లు. కణం పైన ఉండి సందేశాన్ని అందుకునే ప్రొటీన్లు ఇవి. హిస్టమిన్‌కు నాలుగు రకాల రిసెప్టర్లున్నాయి. వ్యాయామానికి సంబంధించినంత వరకు హెచ్1, హెచ్2 అనే రెండూ ముఖ్యం. ముక్కు, చర్మం దగ్గర గొడవ చేసేది హెచ్1. కడుపులో ఆమ్లం పనిచూసేది హెచ్2. రక్తనాళాల్లో ఈ రెండూ ఉంటాయి, కథ అక్కడే మలుపు తిరిగింది.

వ్యాయామం ఆగినా తగ్గని రక్తం

గంటసేపు ఒక మోస్తరు వేగంతో సైకిల్ తొక్కి దిగిన మనిషి తొడలో రక్తప్రవాహాన్ని కొలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. గుండె వేగం కాసేపటికే తగ్గుముఖం పడుతుంది, ఊపిరి కుదుటపడుతుంది. కాలికి పోయే రక్తం మాత్రం విశ్రాంతిలో ఉండే స్థాయికి రాదు. రెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు, పైస్థాయిలోనే ఉంటుంది. బీపీ కూడా ఆ సమయమంతా మామూలు కంటే కొంచెం తక్కువగా ఉంటుంది.

వ్యాయామం చేస్తుండగా రక్తం పెరగడానికి కారణాలు చాలాకాలంగా తెలుసు. కండరం నుంచి వెలువడే పొటాషియం, అడినోసిన్, రక్తనాళం గోడ తయారు చేసే నైట్రిక్ ఆక్సైడ్ వంటివి నాళాలను వెడల్పు చేస్తాయి. కానీ పని ఆగాక వాటి ప్రభావం త్వరగానే సద్దుమణుగుతుంది. మరి రెండు గంటల పాటు నాళాలను తెరిచి ఉంచుతున్నదేమిటి? పొలానికి నీళ్లు పారించి రైతు ఇంటికి వెళ్లిపోయాక కూడా మడవ తెరిచే ఉందంటే, మూయకుండా పట్టుకున్నది ఏదో ఉండాలి కదా.

అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జాన్ హాలివిల్ బృందం ఈ ప్రశ్న వెంట ఏళ్ల తరబడి నడిచింది. మొదట అనుమానం నైట్రిక్ ఆక్సైడ్ మీదకు పోయింది. దాని తయారీని మందుతో ఆపి చూశారు. రక్తప్రవాహం అలాగే ఉంది. తర్వాత రక్తనాళాలను వదులు చేయగల ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను అనుమానించారు. వాటిని ఆపినా తేడా రాలేదు. అప్పుడు హెచ్1ను మూసే ఫెక్సోఫెనడిన్ ఇచ్చి చూస్తే, వ్యాయామం ఆపిన తొలి అరగంటలో పెరగాల్సిన రక్తం బాగా తగ్గిపోయింది. ఆ తర్వాతి భాగం మాత్రం మిగిలింది. హెచ్2ను మూసే రానిటిడిన్‌తో చేసిన పరీక్షలో ఆ మిగిలినది కూడా తగ్గింది. రెండు మందులూ కలిపి ఇచ్చిన 2006 నాటి ప్రయోగంలో వ్యాయామానంతర రక్తప్రవాహంలో సింహభాగం మాయమైంది. వ్యాయామం అలవాటు లేనివారిలోనూ, ఏళ్లుగా సాధన చేసినవారిలోనూ అదే జరిగింది.

రెండు రిసెప్టర్లు పని పంచుకునే తీరు ఇక్కడ అర్థమవుతుంది. హెచ్1 త్వరగా స్పందించి త్వరగా వెనక్కి తగ్గుతుంది. హెచ్2 నెమ్మదిగా మొదలై ఎక్కువసేపు నిలుస్తుంది. ఒకటి మూసినా రెండోది కొంతమేర పని నడిపిస్తుంది. మెడికల్ షాపులో దొరికే మాత్రల గురించి తీర్పు చెప్పేముందు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇదే.

అలర్జీ లేనప్పుడు హిస్టమిన్ ఎక్కడిది

దుమ్ముకో పుప్పొడికో రియాక్షన్ వస్తే ఒళ్లంతా ప్రభావం కనిపించవచ్చు. వ్యాయామంలో అలా జరగదు. ఒక కాలితోనే వ్యాయామం చేయించినప్పుడు ఆ కాలిలోనే రక్తనాళాలు తెరుచుకుని ఉంటాయి. అంటే సందేశం పుట్టడం, అందడం రెండూ పని చేసిన కండరంలోనే జరుగుతున్నాయి. రక్తపరీక్షలో హిస్టమిన్ పెరిగినట్టు కనిపించాలని కూడా లేదు.

దీన్ని తేల్చడానికి కండరం లోపలికే వెళ్లి చూశారు. తొడ ముందు భాగంలోని కండరంలోకి చాలా సన్నని గొట్టం దూరుస్తారు. దాని గోడకు చిన్న అణువులు మాత్రమే దాటగల రంధ్రాలుంటాయి. లోపల ద్రవాన్ని అతి నెమ్మదిగా ప్రవహింపజేస్తే, కండర కణాల చుట్టూ ఉన్న పదార్థాలు ఆ ద్రవంలోకి వచ్చి చేరతాయి. అవతలి కొస నుంచి బొట్టు బొట్టుగా వచ్చేదాన్ని పట్టి పరీక్షిస్తారు. వ్యాయామం చేసినవారి కండరంలో హిస్టమిన్ పెరిగినట్టు ఈ పద్ధతిలో కనిపించింది. దాంతోపాటు ట్రిప్టేజ్ అనే ఎంజైమ్ కూడా పెరిగింది. ట్రిప్టేజ్‌ను దాచుకునేవి ముఖ్యంగా మాస్ట్ కణాలు. అలర్జీలో హిస్టమిన్‌ను కుమ్మరించేవీ అవే. కాబట్టి కండరంలో ఉండే మాస్ట్ కణాలు తమ నిల్వను విడుదల చేస్తున్నాయని అర్థం.

నిల్వ ఒక్కటే కాదు. ముందు చెప్పుకున్న హిస్టిడిన్ డీకార్బాక్సిలేజ్ ఎంజైమ్‌ను స్థానికంగా ఆపినప్పుడు కూడా హిస్టమిన్ తగ్గింది. అంటే దాచింది వాడుకోవడంతో పాటు కొత్తగా తయారు చేసుకోవడం కూడా అప్పటికప్పుడు సాగుతోంది. మాస్ట్ కణాలను కదిలించేదేమిటన్న దానికి కండరం వేడెక్కడం, ఆక్సిజన్ తగ్గడం, ఆమ్లత పెరగడం, పని చేసేటప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు వంటివి పరిశోధకులు ముందుకు తెచ్చిన కారణాలు. కష్టపడి పని చేసిన ఏ కండరంలోనైనా ఇవన్నీ ఉంటాయి.

అలర్జీలో మాస్ట్ కణం చేసేది పొరపాటు. పుప్పొడిని శత్రువనుకుని అది స్పందిస్తుంది. కండరంలో అదే కణం చేసేది సరైన సమయంలో జరిగే సరైన పని.

ఆరు వారాల శిక్షణ చూపించిన తేడా

రెండు గంటలు రక్తం ఎక్కువగా పారితే ఏమిటి లాభం అన్నది సహజమైన ప్రశ్న. ఒక జవాబు జన్యువుల స్థాయిలో దొరికింది. వ్యాయామం చేసిన మూడు గంటలకు కండరం నుంచి చిన్న ముక్క తీసి చూస్తే మూడు వేలకు పైగా జన్యువుల పనితీరు మారి ఉంది. హెచ్1, హెచ్2లను మూసినప్పుడు వాటిలో దాదాపు నాలుగో వంతు జన్యువుల స్పందన మారిపోయింది. అంటే హిస్టమిన్ పని రక్తనాళాలను వదులు చేయడంతో ఆగిపోవడం లేదు. మరమ్మతు, కొత్త కణజాలం నిర్మాణం మొదలవ్వాలన్న కబురు కూడా దాని ద్వారానే వెళుతోంది.

అసలైన పరీక్ష 2021లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చింది. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో విమ్ డెరావ్ బృందం ఆరోగ్యవంతులైన కొద్దిమందికి ఆరు వారాలు సైకిల్ మీద ఇంటర్వల్ శిక్షణ ఇచ్చింది. కాసేపు తీవ్రంగా, కాసేపు తేలిగ్గా తొక్కించే పద్ధతి ఇది. ఒక గుంపుకు హెచ్1, హెచ్2 రెండింటినీ మూసే మందులిచ్చారు. రెండో గుంపుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు.

ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి ఇలాంటి శిక్షణలో రావాల్సిన లాభాలు వచ్చాయి. మందు వేసుకున్నవారిలో కండరంలోని సన్నని రక్తనాళాల మార్పులు, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా మార్పులు బాగా దెబ్బతిన్నాయి. ఫలితంగా వ్యాయామ సామర్థ్యం, ఒళ్లు చక్కెరను అదుపు చేసుకునే తీరు, రక్తనాళాల పనితీరు ఈ మూడింట్లోనూ మెరుగుదల తగ్గింది. చెమట ఇద్దరూ ఒకేలా చిందించారు, దక్కిన ఫలితం వేరు.

చక్కెర సంగతి మనకు మరీ ముఖ్యం. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్ల మంది. హైదరాబాద్‌లో పొద్దున్నే నడిచేవారిలో చాలామంది డాక్టర్ నడవమన్నందుకే నడుస్తున్నారు. వ్యాయామం తర్వాత కండరానికి రక్తం ఎక్కువగా అందితే దాంతోపాటు గ్లూకోజ్, ఇన్సులిన్ కూడా అందుతాయి. ఒక్కసారి వ్యాయామం చేశాక ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరులో వచ్చే మెరుగుదల కూడా ఈ రెండు రిసెప్టర్లను మూస్తే తగ్గినట్టు హాలివిల్ బృందం అంతకుముందే చూపింది. కాబట్టి ఇది రేసుల్లో పాల్గొనే ఆటగాళ్లకు మాత్రమే పరిమితమైన చర్చ కాదు. ఆటగాళ్లలో తేడా నిజానికి చిన్నదే. 10 కిలోమీటర్ల సైకిల్ పందెంలో ఈ మందులు పోటీదారులను పది సెకన్ల అటుఇటుగా నెమ్మదింపజేశాయి.

ఐస్ నీళ్లు, విటమిన్ మాత్రల అనుభవం

హిస్టమిన్ కథ ఒంటరిది కాదు. వ్యాయామంలో పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు చెడ్డవని, వాటిని విటమిన్లతో అణచాలని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. 2009లో జర్మనీలో జరిగిన ప్రయోగంలో రోజూ విటమిన్ సి, విటమిన్ ఇ పెద్ద డోసులో వేసుకుంటూ నాలుగు వారాలు వ్యాయామం చేసినవారికి ఇన్సులిన్ పనితీరులో రావాల్సిన మెరుగుదల రాలేదు. వేసుకోనివారికి వచ్చింది. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు బరువులెత్తే శిక్షణ తర్వాత చల్లని నీళ్లలో కూర్చునేవారిని పరిశీలించారు. నెలల శిక్షణ తర్వాత వారి కండరాలు, బలం మిగతావారంత పెరగలేదు.

మూడింట్లోనూ జరిగింది ఒకటే. శ్రమ వల్ల వచ్చే వేడి, వాపు, రసాయనాల హడావుడిని బాధగా లెక్కగట్టి అణచేస్తే, ఆ బాధ మోసుకొచ్చే సందేశం కూడా ఆగిపోతుంది. తేడా ఒక్కటుంది. ఐస్ నీళ్లు, విటమిన్ డోసులు ఎక్కువగా ఎంచుకుని చేసేవి. అలర్జీ మందు చాలామందికి అవసరం. కాబట్టి ఐస్ నీళ్లు మానేయమన్నంత తేలిగ్గా అలర్జీ మందు మానేయమని చెప్పడానికి లేదు.

స్ట్రిప్పు వెనక ఏముంది

గందరగోళంలో సగం మందుల పేర్ల దగ్గర పుడుతోంది. స్ట్రిప్పు తిప్పి, కంపెనీ పెట్టిన పేరు కాకుండా దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివితే సంగతి చాలావరకు విడిపోతుంది.

సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ అన్నవి హెచ్1ను మూసేవి. మన దగ్గర అలర్జీకి బాగా రాసే లెవోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ జోడీలో రెండోది హిస్టమిన్‌ను ముట్టుకోదు. అది ల్యుకోట్రయీన్లు అనే వేరే పదార్థాలను అడ్డుకుంటుంది. గ్యాస్ మాత్రల్లో రానిటిడిన్, ఫామోటిడిన్ హెచ్2ను మూస్తాయి. కానీ ఇప్పుడు ఎక్కువమంది పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ ఆ కోవలోవి కావు. ఆమ్లాన్ని బయటకు తోసే పంపునే అవి నేరుగా ఆపుతాయి, హిస్టమిన్ రిసెప్టర్లతో వాటికి పని లేదు. రానిటిడిన్‌లో ఎన్‌డీఎంఏ అనే హానికర పదార్థం చేరుతోందని 2020లో అమెరికాలో దాన్ని మార్కెట్ నుంచి తీసేయించారు. 2022లో మన దేశపు అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి కూడా అది తొలగిపోయింది.

ప్రయోగాల్లో ఇచ్చిన డోసుకూ, ఇంట్లో వేసుకునే డోసుకూ పోలిక పెట్టి చూడాలి. ఒరెగాన్ ప్రయోగాల్లో ఫెక్సోఫెనడిన్ ఒక్కసారికి 540 మిల్లీగ్రాములు. అలర్జీకి రోజుకు వాడేది 120 లేదా 180. పైగా వ్యాయామ ఫలితం తగ్గిందని చూపిన ప్రయోగాల్లో హెచ్2 మందు కూడా తోడైంది. రెండు దారులూ ఒకేసారి, గట్టిగా మూసినప్పుడు వచ్చిన ఫలితాన్ని, ఒక దారిని కొంతమేర మూసే సెట్రిజిన్ మాత్రకు అలాగే అంటగట్టడం సరికాదు. అలాగని ప్రభావం సున్నా అనీ చెప్పలేం. తొలి అరగంట రక్తప్రవాహంలో హెచ్1 వాటా స్పష్టంగానే కనిపించింది. అలర్జీ మాత్రతో పాటు రోజూ ఫామోటిడిన్ కూడా వేసుకునేవారి పరిస్థితి ప్రయోగంలోని గుంపుకు కాస్త దగ్గరగా ఉంటుంది. అలాంటివారు రెండూ రోజూ అవసరమా అని డాక్టర్‌ను అడగడం మంచిది.

పొద్దున కాకుండా రాత్రి వేసుకుంటే సరిపోతుందా అని కొందరు అడుగుతుంటారు. సెట్రిజిన్ ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది కాబట్టి వేళ మార్చినంత మాత్రాన పెద్దగా ఒరిగేది ఉండదు. ఏడాదిలో నెలల తరబడి ముక్కు బాధ ఉన్నవారికి ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేలను డాక్టర్లు తరచూ ముందుగా రాస్తారు. అవి హిస్టమిన్ రిసెప్టర్లను మూయవు. ఇక నిద్ర తెప్పించే క్లోర్‌ఫెనిరమైన్ ఉండే జలుబు మాత్రలది వేరే ఇబ్బంది. మెదడులో మనల్ని మెలకువగా ఉంచే పనిలో కూడా హిస్టమిన్‌కు భాగముంది, పాతతరం మందులు అక్కడికి చేరి మత్తు కలిగిస్తాయి. వేసుకుని ట్రెడ్‌మిల్ ఎక్కడం, బరువులెత్తడం ప్రమాదకరం.

మందు మానకూడనివారు

కొందరికి వ్యాయామమే అలర్జీని రేపుతుంది. ఒళ్లు వేడెక్కి చెమట పట్టగానే మెడ మీద, ఛాతీ మీద, చేతుల మీద ఆవగింజంత దద్దుర్లు లేచి దురద పెట్టడం ఒక రకం. ఇది ఇబ్బందికరమే గానీ చాలాసార్లు ప్రాణం మీదకు తేదు, దీనికి ప్రధాన చికిత్స హెచ్1 మందులే. ఇంకో రకం అరుదు, కానీ ప్రమాదకరం. గోధుమలు, రొయ్యల వంటి ఫలానా ఆహారం తిన్న కొద్ది గంటల్లో వ్యాయామం చేస్తేనే ఒంటినిండా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం, బీపీ పడిపోవడం కనిపిస్తాయి. అదే ఆహారం తిని ఊరికే కూర్చుంటే ఏమీ కాదు, ఖాళీ కడుపుతో పరుగెత్తినా ఏమీ కాదు. అందుకే కారణం పట్టుకోవడం ఆలస్యమవుతుంది. చపాతీలు తిని జిమ్‌కు వెళ్లిన రోజే ఇలా జరుగుతోందని గమనిస్తే అలర్జీ నిపుణులకు ఆ వివరం చెప్పాలి. ఆయాసం, వాపు, స్పృహ తప్పడం మొదలైతే సెట్రిజిన్ కోసం వెతకకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. అక్కడ ప్రాణం నిలిపే మందు అడ్రినలిన్ ఇంజెక్షన్.

ముక్కు పూర్తిగా మూసుకుపోయి రాత్రి నిద్ర లేనివారు, ఆస్తమాకు అలర్జీ తోడైనవారు మందు మానేస్తే అసలు వ్యాయామమే చేయలేరు. చేయని వ్యాయామం కంటే కొంచెం తగ్గిన ఫలితం ఎప్పుడూ మేలే. ఆలోచించాల్సింది మరో రకం వాళ్లు. ఎప్పుడో వచ్చిన జలుబుకు మొదలుపెట్టి తుమ్ములు పోయాక కూడా ఆపనివారు, కండరాల నొప్పి తగ్గుతుందని విని జిమ్‌కు ముందు వేసుకునేవారు ఈ కోవలోకి వస్తారు. వాలులో పరుగెత్తించి చేసిన ఒక ప్రయోగంలో ఈ మందులతో మర్నాటి నొప్పి తగ్గినట్టు అనిపించినా, కండరం దెబ్బతిన్నదని చెప్పే క్రియాటిన్ కైనేజ్ రక్తంలో ఎక్కువగానే కనిపించింది.

పరుగు ఆపగానే కళ్లు తిరిగితే

రక్తనాళాలు తెరిచి ఉంచే ఈ ఏర్పాటుకు ఒక చిక్కు కూడా ఉంది. నడుస్తున్నంతసేపూ పిక్కల కండరాలు నొక్కుకుంటూ రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఒక్కసారిగా ఆగి నిలబడితే ఆ తోపు ఆగిపోతుంది, నాళాలు మాత్రం వెడల్పుగానే ఉంటాయి. రక్తం కాళ్లలో నిలిచి తలకు తక్కువ అందుతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండకు చర్మంలోని నాళాలు కూడా తెరుచుకుని, చెమటతో నీరు పోయి ఉంటే ఇంకా త్వరగా కళ్లు తిరుగుతాయి. బీపీ మందులు వాడే పెద్దవారిలో ఇది మరీ తరచుగా కనిపిస్తుంది.

దీనికి హిస్టమిన్‌ను అడ్డుకోనక్కర్లేదు. చివరి ఐదు పది నిమిషాలు వేగం తగ్గిస్తూ నడవడం, ఆగిన వెంటనే కదలకుండా నిలబడి కబుర్లలో పడకపోవడం, నీళ్లు తాగడం చాలు. అప్పటికే కళ్లు బైర్లు కమ్ముతుంటే పడుకుని కాళ్లు కాస్త ఎత్తులో పెట్టాలి. నడక నుంచి రాగానే చూసుకున్న బీపీ తక్కువగా ఉందని మాత్ర తగ్గించుకోవడం పొరపాటు. ఆ తగ్గుదల కొన్ని గంటలదే. రోజూ చూసే బీపీని వ్యాయామానికి ముందు, ఒకే వేళకు చూసుకుంటేనే డాక్టర్‌కు పనికొస్తుంది.